ఇంట్లో సెట్టు మారాక మీరు వినే పాటలు, చూసే సినిమాలు మారాయా?

లాసన్స్‌బే_శ్రోత

విశాఖ మిత్రులందరికీ నమస్కారం. ఏ కంపెనీ మంచిది, ఎంతకొస్తుంది అనే చర్చలు ఇక్కడ చాలానే జరిగాయి. నేను అడగాలనుకున్నది వేరు. ఇంట్లో సెట్టు (టీవీ, స్పీకర్లు) మారాక మీ ఇష్టాలు కూడా మారాయా?

మా ఇంట్లో మారాయి. ముందు టీవీ కింద సౌండ్‌బార్ ఒక్కటే ఉండేది. తర్వాత ఏవీ రిసీవర్ (శబ్దాన్ని స్పీకర్లకి పంచే పెట్టె), 5.1 స్పీకర్లు (చుట్టూ ఐదు, బాస్ అనే లోతైన శబ్దానికి ఒక సబ్‌వూఫర్) పెట్టించాం. అప్పట్నుంచి శనివారం రాత్రి ఏ సినిమా చూద్దామన్న మాట వస్తే కథ ఎలా ఉందని ఎవరూ అడగడం లేదు. "అందులో సౌండ్ బాగుంటుందా?" అంటున్నారు. వర్షం, హెలికాప్టర్, అడవి ఉన్న సినిమాలు ముందుకొచ్చాయి. ఇద్దరు మనుషులు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకునే సినిమాలు వెనకబడ్డాయి. అవి మాకు నచ్చక కాదు. అంత డబ్బు పోసి కొన్న స్పీకర్లు ఊరికే ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే.

పాటల దగ్గర మాత్రం తిరగబడింది. సౌండ్‌బార్‌లో పాత పాటలు పెడితే మా అబ్బాయి "నాన్నా, అంతా ఒకటే గోల" అనేవాడు. ఈమధ్య అదే పాటని ముందున్న రెండు స్పీకర్లలో, సబ్ కూడా ఆపేసి, మామూలు స్టీరియోలో పెట్టాను. పల్లవికీ చరణానికీ మధ్య వేణువు ఎటువైపు నుంచి వస్తోందో వాడే చెయ్యెత్తి చూపించాడు. ఆ తర్వాత ఇంకోటి పెట్టమన్నాడు.

మన అభిరుచి అని చెప్పుకునేదాంట్లో చాలా భాగం మన సెట్టు వినిపించగలిగినదే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీరేమంటారు? దయచేసి ధరల గొడవలోకి మాత్రం వెళ్లొద్దు.

టేపుల_కాలం

మంచి ప్రశ్న. నేను స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరైనవాణ్ణి. రేడియో నుంచి మీ అట్మాస్ (నెత్తి మీద నుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) దాకా అన్నీ విన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మా తరానికి సాహిత్యం పిచ్చి అంటారు పిల్లలు. దానికి పెద్ద కారణం రేడియోయే. మీడియం వేవ్‌లో ఒక్కో స్టేషన్‌కి ఉండే చోటు 9 కిలోహెర్ట్జ్. అందులో మన చెవిదాకా వచ్చే పాట దాదాపు నాలుగున్నర కిలోహెర్ట్జ్ (సెకనుకి నాలుగున్నర వేల కంపనాలు) దగ్గర తెగిపోతుంది. పైనున్న తాళాల మెరుపంతా పోతుంది. చెక్కపెట్టెలో ఉన్న ఆ ఒక్క చిన్న స్పీకరు కిందనున్న బాస్‌ని ఇవ్వలేదు. ఇక మిగిలేది మనిషి గొంతు ఉండే మధ్యభాగమే. 1963లో మొదలైన మన విశాఖ ఆకాశవాణి, వివిధ భారతి, గరగరల మధ్య సిలోన్... వీటన్నిట్లో నిక్కచ్చిగా అందేది గొంతూ మాటా. మేం వాటినే ప్రేమించాం. నాకు కంఠతా వచ్చిన పాటల వెనక ఎన్ని వయొలిన్లు ఉన్నాయో సీడీ కొన్నాక గానీ తెలియలేదు.

రికార్డుల సంగతీ అలాంటిదే. 78 ఆర్‌పీఎం పది అంగుళాల రికార్డు ఒక పక్కకి మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ద్వారం వెంకటస్వామి నాయుడు గారంతటి విద్వాంసుడి వయొలిన్ అయినా ఆ మూడు నిమిషాల్లో ఒదగాల్సిందే. రికార్డుల మీదే పెరిగిన శ్రోతకి రాగం అంటే ఆ చిక్కదనమే. కచేరీలో అదే రాగాన్ని అరగంట విస్తరిస్తే కుర్చీలో కదలడం మొదలెట్టేవాళ్లు, నేను చూశాను. 1948లో ఎల్పీ వచ్చి ఒక పక్క ఇరవై నిమిషాలు దాటింది గానీ, మా ఇళ్లకి అది చేరేసరికి చాలా కాలం పట్టింది.

ఇక క్యాసెట్. 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక పక్క అరగంట. నచ్చని పాట వస్తే ఫార్వర్డ్ కొట్టొచ్చు, కానీ టేపు నలిగిపోతుందనీ బ్యాటరీలు అయిపోతాయనీ టెన్షన్. అందుకని వినేసేవాళ్లం. అలా తప్పక విన్న పాటలే కొన్ని తర్వాత ప్రాణమైపోయాయి. ఆపైన వచ్చిన ఎంపీ3 సీడీలో 128 కేబీపీఎస్ నాణ్యత పాటలు నూటపాతికకు పైనే పట్టేవి. పల్లవి విని రిమోట్ నొక్కేయడం మా ఇంట్లో ఆ రోజుల్లోనే మొదలైంది. ఫోన్లు ఆ అలవాటుని కొనసాగించాయి.

సిరిపురం_సబ్‌వూఫర్

మాష్టారూ, మీ పోస్టు చాలా బాగుంది. కానీ ఇలాంటి చర్చల్లో చివరికి "ఈ కాలం పిల్లలకి దడదడ తప్ప ఏం తెలీదు" అనే దగ్గరికి వస్తారు. అక్కడికి వెళ్లకముందే నా మాట చెప్పేస్తాను.

బాస్ కూడా సంగీతమే. నాకు కర్ణాటక సంగీతం మీద ఇష్టం కలిగింది సబ్‌వూఫర్ వల్ల. చిన్నప్పుడు మా ఇంట్లో టీవీలో కచేరీ వస్తుంటే మృదంగం టకటకమని ఎండిపోయిన శబ్దంలా ఉండేది. కచేరీకి ముందు మృదంగం ఎడమ మూతకి తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు, ఆ గుమ్మని గుండెలో దిగే నాదం దాంతోనే వస్తుంది. ఆ నాదం టీవీ స్పీకర్లో అసలు లేదు. సబ్ పెట్టుకున్నాక ఒక రాత్రి తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) వింటుంటే ఎడమ చెయ్యి ఏం చేస్తోందో మొదటిసారి అర్థమైంది. ఆ చెయ్యి జారినప్పుడు నాదం వంగుతుంది చూడండి, దానికోసం ఇప్పుడు మళ్లీ మళ్లీ వింటున్నాను.

తంబురా కూడా అంతే. ఒకటో శ్రుతి పెట్టుకున్న గాయకుడి తంబురాలో మంద్ర షడ్జమం (అన్నిటికంటే కింది 'స') 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. టీవీ స్పీకర్లు 150 దాటి కిందికి దిగడానికే ఆపసోపాలు పడతాయి. అరకు వైపు థింసా డప్పులు దగ్గర నిలబడి విన్నవాళ్లకి తెలుసు, కొన్ని శబ్దాలు ఒంటికి తగిలితేనే విన్నట్టు.

ధ్వని_లెక్కలు

సిరిపురం తమ్ముడు చెప్పినదానికి కొంచెం శాస్త్రం జోడిస్తాను, నా ఉద్యోగమే ఇది.

చిన్న స్పీకర్లో 65 హెర్ట్జ్ రాకపోయినా దాని పై స్వరాలు 130, 195, 260 వస్తాయి. మెదడు వాటిని బట్టి కింది స్వరాన్ని ఊహించేసుకుంటుంది. అందుకే ఫోన్లో కూడా శ్రుతి ఏదో తెలుస్తుంది. కానీ ఊహించుకున్న బాస్‌కి బరువు ఉండదు. స్వరం అందుతుంది, దెబ్బ అందదు. ఫోన్లో వినేవాడు పాటని రాగంగా గుర్తుపెట్టుకుంటాడు, పెద్ద సెట్లో వినేవాడు నడకగా గుర్తుపెట్టుకుంటాడు. ఇద్దరూ "ఆ పాట నాకిష్టం" అనే అంటారు, ఇష్టపడ్డది మాత్రం రెండు వేరు వేరు భాగాల్ని.

రెండోది వాల్యూమ్. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు, శబ్దం తగ్గేకొద్దీ మన చెవి బాస్‌ని ఎక్కువగా కోల్పోతుంది. థియేటర్లో ఒక్కో ఛానల్‌ని 85 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) దగ్గర సరిచేస్తారు, పైకి 105 దాకా వెళ్లొచ్చు. బాస్ కోసం విడిగా ఉన్న ఛానల్ 115 దాకా. మనం ఇంట్లో పక్కవాళ్లకి భయపడి అంతకంటే ఇరవై డెసిబెల్స్ తగ్గించి వింటాం. దర్శకుడు గుసగుసగా పెట్టిన మాట వినిపించదు, పేలుడు మాత్రం పిల్లల్ని నిద్ర లేపుతుంది. అప్పుడు "ఈ సినిమా బోరు, ఒకటే మోత" అంటాం. రిసీవర్లో నైట్ మోడ్ అని ఉంటుంది, అది చిన్న శబ్దాన్ని పెంచి పెద్దదాన్ని అణుస్తుంది. రాత్రిపూట అది పెట్టుకుంటే చాలా సినిమాల మీద అభిప్రాయం మారుతుంది.

మూడోది గది. నాకు దీని మీద పట్టుదల ఎక్కువ. విశాఖలో ఇప్పుడు కట్టే ఫ్లాట్లన్నిట్లో నున్నటి టైల్స్, ఖాళీ గోడలు, బాల్కనీకి పెద్ద గాజు తలుపు. చప్పట్లు కొట్టి చూడండి, టింగుమని తిరిగొస్తుంది. అలాంటి గదిలో వేగంగా నడిచే పాట ముద్దైపోతుంది. ఒక గొంతు, ఒక గిటారు ఉన్న నెమ్మది పాట మాత్రం ఆ ప్రతిధ్వనితో ఇంకా తీయగా ఉంటుంది. ఆ ఇంటివాళ్లు తమకి మెలొడీ ఇష్టమని అనుకుంటారు. మందపాటి కర్టెన్, నేల మీద తివాచీ, పుస్తకాల అలమర పెట్టి చూస్తే అదే ఇంట్లో రిథమ్ పాటలు మోగడం మొదలవుతుంది.

ఇంకా ఉంది. పన్నెండు అడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర గాలి నిలబడి ఊగుతుంది, పది అడుగుల మధ్య 56 దగ్గర. ఆ స్వరం పలికిన పాట గోడలు అదిరేలా ఉంటుంది. దాని పక్క స్వరంలో ఉన్న పాట చప్పగా ఉంటుంది. సబ్‌ని మూల నుంచి లాగి రెండడుగులు జరిపితే ఆ రెండు పాటల వరస తారుమారు కావొచ్చు. సంగీత దర్శకుడికి దీంతో ఏ సంబంధమూ లేదు.

మధురవాడ_అక్క

నాకు ఈ హెర్ట్జ్‌లు తెలియవు. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా అత్తయ్యగారికి సినిమాలంటే ప్రాణం. నాలుగైదేళ్లుగా కొత్త సినిమాలు చూడటం మానేశారు. "ఇప్పటివాళ్లు మాటలు నోట్లోనే నమిలేస్తారు, మా రోజుల్లో ఒక్కో అక్షరం విడిగా వినపడేది" అనేవారు. పాత సినిమాలే పెట్టించుకునేవారు. పెద్దావిడ కదా, పాతవే ఇష్టమేమో అనుకున్నాం అందరం.

మా తమ్ముడు వచ్చి టీవీకి మూడు స్పీకర్లు కలిపాడు, కుడి, ఎడమ, మధ్య. మధ్యదాన్ని సరిగ్గా టీవీ కిందే, ఆవిడ చెవి వైపు కొంచెం ఎత్తి పెట్టాడు. రిసీవర్లో ఆ ఒక్కదానికే మూడు డెసిబెల్స్ పెంచాడు. సినిమాల్లో మాటలన్నీ దాదాపు ఆ మధ్య స్పీకర్లోకే వస్తాయట. ఒకే ఒక్క టీవీలో అయితే మాట, రీరికార్డింగ్, ఫైటు అన్నీ కలిసిపోయి వెనక గోడకేసి కొట్టుకుంటాయట.

ఇప్పుడావిడ పోలీసు విచారణ కథలు వదలడం లేదు. హంతకుడెవరో మాకంటే ముందే చెప్పేస్తున్నారు. మలయాళం నుంచి డబ్ అయినవి కూడా చూస్తున్నారు. ఎనభై దాటిన మనిషికి కొత్తగా ఇష్టాలు పుట్టాయని చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పుకుంటున్నారు. ఇన్నేళ్లూ ఆవిడకి వినపడలేదన్న సంగతి మాకెవరికీ తట్టలేదే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

టేపుల_కాలం

అమ్మా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ సెంటర్ స్పీకర్ సంగతి మా ఇంట్లో కూడా ఈ వారమే చూస్తాను.

గాజువాక_ఇయర్‌ఫోన్

అందరూ హాళ్లు, తివాచీలు అంటున్నారు. మాది ముగ్గురం ఉండే రూము. నాకు హోమ్ థియేటర్ అంటే చెవిలో పెట్టుకునేది. పరవాడ వైపు డ్యూటీకి బస్సులో వెళ్లేటప్పుడు వింటాను, రాత్రి పడుకునే ముందు వింటాను. ఈ రెండింటికీ నా దగ్గర రెండు వేరు వేరు లిస్టులున్నాయి.

బస్సులో నెమ్మది పాట పనికిరాదు. వీణ మీద మీటు తర్వాత తగ్గుతూ పోయే నాదం ఉంటుంది కదా, అది ఇంజిన్ మోతలో కొట్టుకుపోతుంది. మొదట్నుంచి చివరిదాకా ఒకే గట్టిదనంతో ఉండే పాటలే నిలబడతాయి. కొత్త పాటల్ని అలా బిగించి మిక్స్ చేయడానికి మాలాంటి శ్రోతలే కారణమని నాకు అనిపిస్తుంది. వాళ్లకీ తెలుసు, మేం నిశ్శబ్దంగా ఉండే గదిలో కూర్చుని వినమని.

రాత్రి లైటు తీసేశాక వేరే లోకం. చెవి పక్కనే ఊపిరి తీసి పాడినట్టుండే పాటలు వింటాను. గాయని పెదవులు విడివడే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ పాటల్ని ఒకసారి ఫ్రెండు వాళ్లింట్లో పెద్ద స్పీకర్లలో పెడితే ఏమీ లేదు, ఖాళీగా ఉన్నాయి. అవి చెవిలో వినడానికే తయారైన పాటలు.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. తొలినాళ్ల స్టీరియో పాటలు కొన్నింట్లో గొంతు ఒక పక్క, తబలా ఇంకో పక్క పెట్టేశారు. స్పీకర్లలో అయితే రెండూ గాల్లో కలుస్తాయి. ఇయర్‌ఫోన్లో ఒక చెవిలో మనిషి, ఇంకో చెవిలో తబలా. తలనొప్పి వస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో (రెండు చెవుల్లో ఒకే శబ్దం) అని ఉంటుంది, దాన్ని ఆన్ చేశాక గానీ ఆ కాలం పాటలకి నేను అలవాటు పడలేకపోయాను.

రీలుపెట్టె

నేను చాలా కాలం ప్రొజెక్టర్ క్యాబిన్‌లో పనిచేశాను. ఇంటి సెట్ల కంటే ముందు మన ఊరి చెవిని తయారుచేసింది థియేటర్లు.

జగదాంబ లాంటి హాల్లో 70 ఎంఎం చూసినవాళ్లకి తెలుస్తుంది. ఆ ప్రింటు మీద అయస్కాంత పూతతో ఆరు ట్రాకులుండేవి. ఐదు తెర వెనక స్పీకర్లకి, ఒకటి హాలు చుట్టూ. తెరకి సన్నటి రంధ్రాలుంటాయి, శబ్దం వాటిలోంచి వస్తుంది, అందుకే మాట నటుడి నోట్లోంచే వచ్చినట్టుంటుంది. తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా 'సింహాసనం' 1986లో వచ్చింది. అప్పటిదాకా చాలామందికి సినిమా శబ్దం అంటే తెర మధ్యలోంచి వచ్చే ఒకే ధార.

తర్వాత డిజిటల్. డాల్బీ వాళ్లది 1992లో, డీటీఎస్ 1993లో వచ్చాయి. డాల్బీలో శబ్దం ఫిల్ము మీదే, పక్కనుండే పళ్ల రంధ్రాల మధ్య ఉన్న కాస్త చోటులో చుక్కల గళ్లలా అచ్చయ్యేది. లెన్సు పెట్టి చూస్తే కనపడేది. డీటీఎస్‌లో శబ్దం ఫిల్ము మీద ఉండదు, విడిగా సీడీల్లో వచ్చేది. ఫిల్ము మీద బొమ్మ పక్కన సన్నటి గీతలు గీతలుగా టైమ్‌కోడ్ ఉంటుంది, మెషిన్ దాన్ని చదువుకుంటూ సీడీని బొమ్మతో కలిపి నడుపుతుంది. రీలు తెగి నాలుగు ఫ్రేములు కోసి అతికించినా సీడీ ముందుకి దూకి మళ్లీ పెదవితో కలిసేది. మొదటిసారి అది చూసినప్పుడు క్యాబిన్‌లో మేమందరం ఆగిపోయి చూశాం.

దాంతో జనం ఇష్టం మారింది. పోస్టర్ మీద హీరో పేరు పక్కనే డీటీఎస్ అని వేసేవాళ్లు. కౌంటర్ దగ్గర "డీటీఎస్ ఉందా?" అని అడిగి టికెట్ కొనేవాళ్లు. గాజు పగిలితే ఎడమ నుంచి కుడికి పగలాలి, గుర్రం పరిగెడితే వెనక నుంచి ముందుకి రావాలి. తీసేవాళ్లూ దానికి తగ్గట్టే తీశారు. ఆ సినిమాలు చూసి పెరిగినవాళ్లే ఇవాళ ఇంట్లో 5.1 పెట్టుకుని హెలికాప్టర్ కోసం వెతుకుతున్నారు. కాబట్టి లాసన్స్‌బే గారూ, మీ ఇంట్లో శనివారం రాత్రి మొదలైంది ఇప్పుడు కాదు.

లాసన్స్‌బే_శ్రోత

రీలుపెట్టె గారూ, పళ్ల రంధ్రాల మధ్య శబ్దం ఉంటుందని నేను ఇప్పుడే వింటున్నాను. దయచేసి క్యాబిన్ సంగతులతో వేరే చర్చ మొదలుపెట్టండి, అందరం చదువుతాం.

రుషికొండ_తెర

శబ్దం గురించే మాట్లాడుతున్నారు, బొమ్మ కూడా అంతే పని చేస్తుంది.

మా హాలు సముద్రం వైపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుతురే. ప్రొజెక్టర్ పెట్టిన కొత్తలో చీకటి సన్నివేశాలు బూడిదరంగు మచ్చల్లా కనిపించేవి. తెలియకుండానే మా ఇంట్లో రంగురంగుల కామెడీలు, పాటల సినిమాలు ఎక్కువయ్యాయి. వెలుగు పూర్తిగా ఆపే కర్టెన్లు వేయించాక, తెర చుట్టూ గోడకి ముదురు రంగు వేశాక, రాత్రిపూట జరిగే కథలు చూడగలుగుతున్నాం. దీపం వెలుగులో మనిషి ముఖం సగమే కనిపించే షాట్ ఉంటే, మిగతా సగంలో ఏముందో చూడాలనిపిస్తోంది. నెమ్మదిగా సాగే సినిమాలకి మా పిల్లలు కూర్చోవడం అప్పుడే మొదలైంది.

టీవీ ఉన్నవాళ్లకి ఒక్క మాట. కొత్త టీవీల్లో కదలికని నున్నగా చేసే సెట్టింగ్ కొన్నప్పటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములు. టీవీ మధ్యలో లేని ఫ్రేముల్ని కల్పించి పెడుతుంది, దాంతో కోట్లు పెట్టి తీసిన సినిమా కూడా మధ్యాహ్నం సీరియల్‌లా కనిపిస్తుంది. మా అన్నయ్య అలా చూసి ఒక మంచి సినిమాని "టీవీ సినిమాలా ఉంది, చీప్‌గా తీశారు" అని తీసిపారేశాడు. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి, లేదంటే ఆ సెట్టింగ్ ఆపేయండి.

బీచ్ దగ్గరుండేవాళ్లకి ఇంకో మాట, చర్చకి కాస్త పక్కదైనా పనికొస్తుంది. ఉప్పుగాలికి స్పీకర్ వైరు చివర రాగి ఆకుపచ్చగా మారిపోతుంది. ముందు ట్రెబుల్ (సన్నటి స్వరాలు) గరగరలాడుతుంది, తర్వాత ఒక పక్క వచ్చీ రాకుండా ఉంటుంది. మనం పాట రికార్డింగే బాలేదనుకుంటాం. వానాకాలం అయ్యాక ఒకసారి వైరు చివర కోసి కొత్త రాగి బయటికి తీసి బిగించండి. లెన్సు ఉన్న పెట్టెలో సిలికాజెల్ పొట్లాలు వేసి ఉంచండి, లేకపోతే బూజు పడుతుంది.

పూర్ణామార్కెట్_పాతపాట

అందరివీ చదివాను. నేను ఒప్పుకోను.

మా నాన్నగారు కొట్లో చిన్న ట్రాన్సిస్టర్ పెట్టుకుని ఘంటసాల గారి పద్యాలు వినేవారు. మిర్చి బస్తాల మధ్య, బేరాల మధ్య. ఒక్కో పద్యం చివర రాగాలాపన దగ్గర బేరం ఆపేసి చెయ్యెత్తేవారు, కొనేవాళ్లు కూడా ఆగేవారు. ఆయనకి పద్యం మీద ప్రేమ వాళ్ల నాన్న దగ్గర్నుంచి, ఊళ్లో నాటకాల దగ్గర్నుంచి వచ్చింది. హరికథలు మైకు లేకుండా వెయ్యిమంది విన్న ప్రాంతం మనది. సెట్టు అభిరుచిని తయారుచేస్తే, మన ఊళ్లో పెద్ద పెద్ద సెట్లున్న ఇళ్లన్నిట్లో గొప్ప శ్రోతలుండాలి. ఉన్నారా? నేను చూసిన చాలా ఇళ్లలో ఒకే డెమో పాట, ఒకే డెమో సీను. వచ్చిన ప్రతి చుట్టానికీ అదే వినిపిస్తారు. వాళ్లు సెట్టుని వింటున్నారు, పాటని కాదు.

కళాభారతిలో కచేరీకి వెళ్లి వెనక వరసలో కూర్చున్నా సరే, పక్కన తాళం వేసే పెద్దాయన్ని చూస్తే చాలు, ఎక్కడ తల ఊపాలో తెలుస్తుంది. అభిరుచి మనిషి నుంచి మనిషికి వస్తుంది.

సిరిపురం_సబ్‌వూఫర్

డెమో పాట మాట నిజం, మా ఫ్రెండ్స్‌లో సగం మంది అంతే. కానీ పెద్దాయనా, మీ నాన్నగారి ట్రాన్సిస్టర్ గొంతుని బాగా ఇచ్చింది కాబట్టే పద్యం నిలబడింది. అదే పెట్టెలో డోలు సన్నాయి కచేరీ వచ్చుంటే డోలు ఏమైపోయేది?

పూర్ణామార్కెట్_పాతపాట

డోలు మాకు పెళ్లిళ్లలో ఎదురుగా వినపడేది బాబూ. దానికోసం పెట్టె అక్కర్లేదు.

టేపుల_కాలం

పాతపాట గారు చెప్పింది తీసేయదగ్గది కాదు. ప్రేమ మనుషుల దగ్గర్నుంచే వస్తుంది. ఆ ప్రేమ ఏ వైపుకి పెరగాలి అన్నది మాత్రం పెట్టె చాలావరకు తేలుస్తుంది. నాకు మాట మీద ప్రేమ మా అమ్మ పాడగా వచ్చింది. ఆర్కెస్ట్రా మీద ప్రేమ మాత్రం ఏ మనిషీ నేర్పలేదు. యాభై దాటాక ఒక జత మంచి స్పీకర్లు నేర్పాయి. వయొలిన్లలో రెండో వరస మొదటి వరసకి జవాబు చెబుతోందని అప్పుడే తెలిసింది.

లాసన్స్‌బే_శ్రోత

మాష్టారు నా మనసులో మాట నాకంటే బాగా చెప్పారు.

అందరూ రాస్తున్నారని నేనూ ఇంట్లో ఒకటి చేసి చూశాను. మా వాళ్లెవరూ అంతకుముందు వినని పాట ఒకటి తీసుకుని, మా అమ్మాయికి ఫోన్లో, మా అబ్బాయికి సౌండ్‌బార్‌లో, మా ఆవిడకి స్టీరియోలో విడివిడిగా వినిపించాను. ఏం గుర్తుందని అడిగాను. అమ్మాయి పల్లవి మాటలు చెప్పింది. అబ్బాయి కాలు ఆడిస్తూ దరువు చూపించాడు. మా ఆవిడ "చరణంలో గొంతు వెనక ఎవరో చాలా మెల్లగా హమ్ చేస్తున్నారు, ఎవరది?" అంది. ఆ హమ్మింగ్ గురించి మిగతా ఇద్దరికీ చెబితే మళ్లీ పెట్టమన్నారు.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. పాత మోనో పాటల్ని ఇప్పుడు అట్మాస్‌లోకి మార్చి వదులుతున్నారు. ఒకే మైకు చుట్టూ గాయకుడూ వాద్యాలవాళ్లూ దూరాలు చూసుకుని నిలబడి పాడిన పాట అది. ఎవరు దగ్గరో ఎవరు దూరమో అప్పుడే కుదిర్చారు. దాన్ని విడదీసి గొంతుని ముందూ తబలాని నెత్తి మీదా పెడితే ఆ కుదురు పోతుంది. అట్మాస్ కోసమే కొత్తగా చేసిన పాటలంటే నాకిష్టమే. పాతవి మాత్రం రిసీవర్లో మోనో పెట్టి సెంటర్ స్పీకర్ ఒక్కదాంట్లో వింటున్నాను, చాలా నిండుగా ఉన్నాయి.

కంచరపాలెం_కొత్త

పెద్దలందరికీ నమస్తే. బడ్జెట్ ముప్ఫై వేలు. ఇదంతా చదివాక సౌండ్‌బార్ కొనాలో స్పీకర్లు కొనాలో తెలియడం లేదు. ఇంట్లో అమ్మ సీరియల్స్ చూస్తుంది, నేను పాటలు వింటాను.

ధ్వని_లెక్కలు

తమ్ముడూ, ముందు రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక చిన్న స్టీరియో యాంప్లిఫయర్. సబ్, సరౌండ్ తర్వాత ఎప్పుడైనా కలుపుకోవచ్చు. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, నువ్వు కూర్చునే చోటికీ అంతే దూరం ఉండాలి. ట్వీటర్ (సన్నటి స్వరాలిచ్చే చిన్న స్పీకరు) నీ చెవి ఎత్తుకి రావాలి. గోడకి ఆనించొద్దు, అడుగైనా ముందుకి లాగు. అలా పెడితే గొంతు సరిగ్గా రెండింటి మధ్యలోంచి వస్తుంది, అమ్మగారికి సీరియల్ మాటలూ తేటగా వినపడతాయి. టీవీని ఆప్టికల్ వైరుతో కలిపినప్పుడు టీవీ సెట్టింగ్స్‌లో పీసీఎం (మామూలు స్టీరియో శబ్దం) అని ఎంచుకో, లేకపోతే చాలా యాంప్లిఫయర్లలో శబ్దమే రాదు.

షాపుకి వెళ్లే ముందు ఒకటి గుర్తుపెట్టుకో. రెండు సెట్లని పోల్చేటప్పుడు ఒకటి కాస్త గట్టిగా మోగినా చాలు, ఒక్క డెసిబెల్ తేడా అయినా, అదే బాగుందని చెవి తేల్చేస్తుంది. గట్టిగా ఉందని తెలియదు, స్పష్టంగా ఉందనిపిస్తుంది. ఒక షాపులో నాకు అమ్మదలచుకున్న సెట్టుని ప్రతిసారీ రెండు గీతలు పెంచి వినిపించారు. ఫోన్లో శబ్దాన్ని కొలిచే యాప్ ఏదైనా వేసుకో, నువ్వు కూర్చున్న చోటే పెట్టి రెండింటినీ సమానం చేయమను. వాళ్ల డెమో పాట వద్దు. నీకు బాగా తెలిసిన పాట, అందులో ఒక్క గొంతు మాత్రమే ఉండేది ఒకటి, వాద్యాలు నిండుగా ఉండేది ఒకటి తీసుకెళ్లు.

లాసన్స్‌బే గారూ, మీ ఇంట్లో చేసిన పరీక్షకి కూడా ఇదే వర్తిస్తుంది. మూడు సెట్ల వాల్యూమ్ సమానం చేశారా?

లాసన్స్‌బే_శ్రోత

చెవి అంచనాతో దాదాపు సమానంగా పెట్టాను గానీ కొలవలేదండీ. ఈసారి కొలిచి చేద్దాం. వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కుదురుతుంది, రాగలిగినవాళ్లు వ్యక్తిగత సందేశం పెట్టండి. మెట్లెక్కలేనివాళ్లకి లిఫ్టు ఉంది.

పూర్ణామార్కెట్_పాతపాట

నేనూ వస్తాను. మా నాన్నగారి ట్రాన్సిస్టర్ ఇంకా పనిచేస్తోంది, అదీ తెస్తాను. నాలుగో సెట్టుగా దాన్నీ పెట్టాలి. పద్యం నేను ఎంచుతాను.

ధ్వని_లెక్కలు

తప్పకుండా తీసుకురండి. దాంట్లోకి బయటి పాట ఎక్కించాలంటే చిన్న ఏఎం ట్రాన్స్‌మిటర్ కావాలి, అది నా దగ్గర ఉంది. మీడియం వేవ్‌లో ఖాళీగా ఉన్న చోటు చూసి పెడతాను. పాత బ్యాటరీలు తీసేసి కొత్తవి వేసుకుని రండి, బ్యాటరీ దిగిపోతే గొంతు బొంగురుపోతుంది, అప్పుడు పోలిక న్యాయంగా ఉండదు.